ఈ ప్రాణి ఎక్కడ పుట్టినది?
ముండ్లతోక బల్లుల పెంపకమును గూర్చి తల్లిదండ్రులకొక పాఠము

బాలురకు ప్రాణులయందు మక్కువ సహజము. కుక్కపిల్లనో, చిలుకనో, చెరువులో పట్టిన చేపపిల్లనో ఇంటికి తెచ్చి పెంచవలెనని కోరని బిడ్డ అరుదు. ఈ కోరిక మంచిదే. దయ, బాధ్యత, ఓర్పు అను గుణములు పుస్తకములకంటె ప్రాణుల సాంగత్యమువలననే త్వరగా అలవడును. అయితే నేటి బాలుని కోరిక ఊరి చెరువుతో ఆగుట లేదు. ఫోనులో సహారా ఎడారి బల్లిని చూచి, అదియే కావలెనని అడుగుచున్నాడు.

గత సంవత్సరము మా పాఠశాలలో ఏడవ తరగతి చదువుచున్న ఒక బాలుని తండ్రిగారు మా వద్దకు వచ్చిరి. "అయ్యా, మావాడు నెల దినములుగా ఈ బల్లి కావలెనని పట్టుబట్టి కూర్చున్నాడు. పట్టణములో ఒకరు అమ్ముచున్నారట. ఇది అడవిలో పట్టినది కాదు, పెంపకములో పుట్టినదే అని చెప్పుచున్నారు. కొనవచ్చునా?" అని అడిగి, ఒక బొమ్మను చూపిరి. పసుపుపచ్చని ఒడలు, మొద్దు తల, వరుసలు తీరిన ముండ్లతో లావైన తోక. చూడ ముచ్చటగనే ఉన్నది. "జీవశాస్త్రమునందు ఆసక్తి కలుగును గదా, కొనుడు" అని మేము తొందరపడి చెప్పితిమి.

చెప్పిన తరువాత ఆ ప్రాణిని గూర్చి చదువ మొదలిడితిమి. చదివినకొలది మా సలహా తప్పని తెలిసినది. మరునాడే తండ్రిగారిని పిలిపించి ఆ మాటను వెనుకకు తీసికొంటిమి. ఇట్టి ప్రశ్న మరికొన్ని ఇండ్లలోను రాగలదు గావున, మేము తెలిసికొన్న సంగతులను ఇచ్చట వివరించుచున్నాము.

ప్రాణి పరిచయము

ఈ బల్లికి తెలుగున వాడుకలోనున్న పేరు లేదు. తెలుగుదేశమున లేని జంతువునకు తెలుగు పేరు లేకుండుట వింత కాదు. తోకను బట్టి దీనిని ముండ్లతోక బల్లి యనవచ్చును. దీనిని చూచి కొందరు ఉడుమని భ్రమింతురు. అది సరికాదు. ఉడుము మాంసాహారి, దాని వంశము వేరు. ముండ్లతోక బల్లి మన కంచెలపై తల ఆడించుచు కూర్చుండు తొండకు జ్ఞాతి. రెండును ఒకే కుటుంబమునకు చెందినవి.

శాస్త్రజ్ఞులు దీనికి యూరోమాస్టిక్స్ అని పేరిడిరి. గ్రీకు భాషలో తోక, కొరడా అను అర్థములుగల రెండు మాటల కలయిక అది. తోకయే దీని ఆయుధము. శత్రువు తరిమినచో తల ముందుగా బొరియలోనికి దూరి, తోకను ద్వారమువైపు ఉంచి కొరడావలె ఝళిపించును. గాలి పీల్చి ఒడలు ఉబ్బించి బొరియ గోడలకు అదుముకొనును. ఇక దానిని లాగుట కష్టము.

ఉత్తర ఆఫ్రికాలోని సహారా మొదలు అరేబియావరకు ఈ ప్రజాతికి చెందిన జాతులు సుమారు పదునైదు కలవు. వానిలో పెద్దది ఈజిప్టు జాతి. ముక్కుకొననుండి తోకకొనవరకు దాదాపు 75 సెంటీమీటర్లు పెరుగును. మన దేశపు జాతి రాజస్థానములోని థార్ ఎడారియందును, గుజరాతులోని కచ్ఛమునందును, పాకిస్తానమునందును నివసించును. ఉత్తరాదివారు దీనిని సాండా యందురు. ఈస్టిండియా కంపెనీ సేనాధికారియు, ప్రకృతి పరిశీలకుడునగు థామస్ హార్డ్‌విక్ పేరు మీదుగా 1827లో దీనికి శాస్త్రీయనామ మేర్పడినది. 2009లో శాస్త్రజ్ఞులు దీనిని, ఇరాన్ ప్రాంతపు మరి రెండు జాతులను యూరోమాస్టిక్స్ నుండి విడదీసి, సారా అను ప్రత్యేక ప్రజాతిగా పరిగణించిరి.

పెరిగిన బల్లులకు ఆకులు, పూలు, గింజలు ముఖ్యాహారము. పిల్లలు కొన్ని పురుగులనుగూడ తినును. ఇవి నీరు త్రాగుట అరుదు; కావలసిన తడిని ఆకులనుండియే గ్రహించును. శరీరములో మిగిలిన లవణమును ముక్కులోని గ్రంథులద్వారా విసర్జించును. అందుచే ముక్కురంధ్రములచుట్టు తెల్లని ఉప్పుపొర కనబడుచుండును. తెలియనివారు దానిని రోగమనుకొందురు. ఉదయపు చలిలో ఒడలు నల్లబారి ఎండను గ్రహించును. వేడెక్కిన పిమ్మట రంగు తేలి ప్రకాశించును.

పెంచువారు ఏమి చేయుదురు?

జర్మనీ, అమెరికా మొదలగు దేశములలో ఈ బల్లులను వేడుకగా పెంచువారు చాలకాలముగా ఉన్నారు. సహారాకు చెందిన గెయిరీ జాతి, ఎఱ్ఱసముద్ర ప్రాంతపు ఓర్నేటా జాతి, మొరాకో జాతి వారికి ప్రియమైనవి. మొదట వారు కొన్నవి చాలవరకు ఎడారిలో పట్టి, ఓడలకును విమానములకును ఎక్కించినవే. మాలి మొదలగు ఆఫ్రికా దేశములనుండి ఇవి పెద్దసంఖ్యలో ఎగుమతి అయ్యెను. ధర తక్కువ, మరణములు ఎక్కువ. దారిపొడవున తిండి లేక, ఒంటిలోని తడి ఆరిపోయి, కడుపులో పరాన్నజీవులు పెరిగి అవి చేరుచుండెను. చేరినచోట ఎడారి వేడికి బదులు చల్లని తేమ ఎదురగుచుండెను. కొన్ని నెలలు కూడ బ్రదుకనివి అనేకము. అందుచే ఇవి పెంపకమునకు లొంగని ప్రాణులను అపప్రథ వచ్చినది. లోపము ప్రాణిలో లేదు. దానిని తెచ్చిన విధానములోను, పెంచినవారి తెలియమిలోను ఉన్నది.

ఓర్పుగల కొందరు పెంపకందారులు ఎడారి స్థితిగతులను పరిశీలించి, వానిని ఇంటిలో కల్పింప ప్రయత్నించిరి. వారి పద్ధతి స్థూలముగా ఇట్టిది. మధ్యరకపు బల్లి ఒక్కదానికైనను నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు గల పెట్టె వలయును. అందు ఒక మూల దీపము క్రింద రాతిపలకను ఉంచెదరు. ఆ పలకపై వేడి సుమారు 50 డిగ్రీల సెంటిగ్రేడు ఉండవలెను. రెండవ కొన చల్లగా, 30 డిగ్రీలకు లోపుగా ఉండవలెను. బల్లి ఈ రెంటి నడుమ తిరుగుచు తన ఒంటి వేడిని తానే సరిచూచుకొనును. ఇల్లంతయు ఒకే వేడిగా ఉన్నచో అది రోగగ్రస్తమగును.

వేడి ఒక్కటియే చాలదు. ఎండలోని అతినీలలోహిత కిరణములు సోకిననేగాని దాని శరీరము డి విటమినును తయారు చేసికొనలేదు. ఆ విటమిను లేనిచో తిన్న కాల్షియము ఎముకలకు పట్టదు. అందులకై ప్రత్యేకమగు దీపములు కలవు. వానిలో ఒక మోసము కలదు. కంటికి కనబడు వెలుగు తగ్గకమునుపే ఆ కిరణముల శక్తి తగ్గిపోవును. కావున దీపము వెలుగుచున్నను తయారీదారులు చెప్పిన గడువునకు దానిని మార్చవలెను. ఆహారముగా ఆవాకు వంటి ఆకుకూరలు, పూలు, కొద్దిగా పప్పుగింజలు పెట్టుదురు. పాలకూరను తరచుగా పెట్టరు. అందలి ఆమ్లము కాల్షియమును బంధించివేయును.

పిల్లలు కలుగుట

ఇట్లు పెంచినను పిల్లలు కలుగుట సులభము కాదు. ఆడ, మగ బల్లులు ఈడునకు వచ్చుటకు మూడు నాలుగు సంవత్సరములు పట్టును. కొన్ని జాతులలో మగదానికి రంగు హెచ్చుగా ఉండును. మరికొన్నింటిలో ఆడ, మగ గుర్తించుటయే కష్టము. ఎడారిలో చలికాలము రాగానే ఇవి బొరియలలో నిద్రించును. ఆ చలికాలమును ఇంటిలోను కల్పింపవలెను. ఆరోగ్యముగానున్న బల్లులకు మాత్రమే దీపముల కాలమును, వేడిని క్రమముగా తగ్గించి, తిండి మాన్పించి, కొన్ని వారములపాటు విశ్రాంతినిత్తురు. వసంతమున మరల వెలుగును, వేడిని, మేతను పెంచెదరు. అప్పుడు మగబల్లి ఆడదానిచుట్టు తిరుగును. ఇష్టము లేనిచో ఆడబల్లి వెల్లకిల పరుండి తిరస్కరించును.

చూలు నిలిచిన ఆడబల్లికి త్రవ్వుకొనుటకు లోతైన తడిమన్ను కావలెను. అది లేనిచో గ్రుడ్లు కడుపులోనే చిక్కి తల్లి మరణింపవచ్చును. చిన్న జాతులు ఒక్క విడతకు పది, ఇరువది గ్రుడ్లు పెట్టును; ఈజిప్టు జాతి నలువదివరకు పెట్టగలదు. పెంపకందారులు గ్రుడ్లను మెల్లగా తీసి, ఏ వైపు పైకి ఉన్నదో గుర్తు పెట్టి, అట్లే పొదుగుపెట్టెలో ఉంచెదరు. కోడిగ్రుడ్డువలె వీనిని త్రిప్పరాదు. త్రిప్పినచో లోపలి పిండము చచ్చును. సుమారు 33 డిగ్రీల వేడిలో రెండు మూడు నెలలకు పిల్లలు వెలువడును. కొన్ని గ్రుడ్లు గొడ్డుపోవును. కొన్ని బూజు పట్టును. తల్లి కొన్ని యేండ్లు గ్రుడ్లే పెట్టదు.

ఇంత వివరముగా వ్రాయుటకు కారణము కలదు. పెంపకమున పుట్టిన ముండ్లతోక బల్లి వెనుక ఒకరి నాలుగైదు సంవత్సరముల శ్రమ ఉన్నది. ఆ శ్రమ ఎంతటిదో తెలిసినవారు ఆ మాటను ఊరకే నమ్మరు. నిజమైన పెంపకందారు వద్ద పిల్లలు ఏటికొక్క ఋతువునందే దొరకును, కొనగోరువారు ముందుగా చెప్పి నెలలతరబడి వేచియుందురు, ధర హెచ్చు. ఎప్పుడడిగినను, ఎన్ని కావలెనన్నను, పెరిగిన బల్లులను చౌకగా ఇచ్చుచో, అవి పెట్టెలో పుట్టినవని నమ్ముట కష్టము.

మాట యొకటి, అర్థములు పెక్కు

"పెంపకమున పుట్టినది" అను మాటను అందరును ఒకే అర్థమున వాడరు. తల్లియు తండ్రియు పెంపకందారు ఇంటనే కలిసి, అచ్చటనే గ్రుడ్డు పెట్టి, పొదిగినది నిజమైన పెంపకపు పిల్ల. చూలుతో నున్న ఆడదానిని ఎడారిలో పట్టి తెచ్చి, అది పెట్టిన గ్రుడ్లను పొదిగించినచో, ఆ పిల్ల పెట్టెలో పుట్టినను, తల్లిని ఎడారి కోల్పోయినట్లే. ఇక అడవిలో పట్టి కొన్ని మాసములు పెట్టెలో ఉంచినదానిని గూడ పెంపకపు బల్లి యనువారు కలరు.

ఈ భేదమును దేశముల ఒప్పందము కూడ గుర్తించినది. వన్యప్రాణుల, వృక్షముల అంతర్జాతీయ వ్యాపారమును నియమించు సైటీస్ ఒప్పందము 1973లో కుదిరి, 1975లో అమలునకు వచ్చినది. 1976లో భారతదేశము అందు చేరినది. ముండ్లతోక బల్లులు 1977నుండి దాని రెండవ అనుబంధములో ఉన్నవి. అనగా అనుమతిపత్రము లేనిదే వానిని ఒక దేశమునుండి మరియొక దేశమునకు పంపరాదు. ఆ పత్రముపై ప్రాణి పుట్టుకను తెలుపు అక్షరముండును. డబ్ల్యు అనగా అడవిలో పట్టినది. సి అనగా నిజమైన పెంపకమున పుట్టినది. పెంపకములో పుట్టినను ఆ నిబంధనలన్నియు తీరనిది ఎఫ్. సి అను అక్షరము పొందుటకు తల్లిదండ్రులు పెంపకములోనే కలిసియుండుట చాలదు. ఆ మంద రెండవ తరమును గూడ కనగలదని నిరూపణ కావలెను.

అక్షరము వ్రాయుట మనుష్యుల చేతిలోనిదే గదా. 2011లో ప్రకటితమైన ఒక పరిశోధనలో, ఇండొనీషియానుండి పెంపకపువని ఎగుమతి చేయబడిన పచ్చని కొండచిలువలలో నూటికి 80 వరకు నిజముగ అడవినుండి పట్టినవేయని తేలినది. అది వేరొక ప్రాణి కథ. కాని పాఠము ఒక్కటియే. కాగితము అవసరమే, కాని అది ఒక్కటియే చాలదు.

అడుగవలసిన ప్రశ్నలు

విదేశములలో నివసించు మన బంధువుల బిడ్డలు ఇట్టి ప్రాణిని కోరుట కలదు. అచ్చటి చట్టము సమ్మతించినచో వారు కొనుటకు ముందు ఈ ప్రశ్నలు వేయవలెను. గ్రుడ్డు ఏ తేదీన పెట్టబడినది, పిల్ల ఏ తేదీన వెలువడినది? తల్లిదండ్రులను చూపగలరా? అవి ఎన్ని సంవత్సరములుగా మీ వద్ద ఉన్నవి? అదే విడతలో పుట్టిన తోబుట్టువులెన్ని? పుట్టిననాటినుండి బరువు వ్రాసిన పుస్తకము ఉన్నదా? నిజముగ పెంచినవారికి ఈ ప్రశ్నలు సంతోషమునే కలిగించును. తమ పుస్తకమును తామే తెరచి చూపుదురు. అమ్మువారు విసుగుకొనినచో అదియే ఒక సమాధానము.

ప్రాణిని కూడ పరిశీలింపవలెను. విరిగిన గోళ్ళు, పోయిన వ్రేళ్ళు, తోకపై పాతగాయములు, చర్మపు మడతలలో పిడుదులు, ఎండి ముడుతలు పడిన ప్రక్కలు ఎడారిలో పట్టి తెచ్చినవానియందు తరచు కనబడును. ఇందే ఒక్కటియు తిరుగులేని సాక్ష్యము కాదు. అన్నింటిని కలిపి చూడవలెను. జర్మనీలోని హామ్ పట్టణమున జరుగు సరీసృపముల సంతవంటి చోట్ల పెంపకందారులను స్వయముగా కలిసికొని మాటలాడుటకు వీలున్నది.

మన దేశపు చట్టము

మన దేశములో సంగతి వేరు. మన సాండా బల్లి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముచే రక్షింపబడినది. దానిని పట్టుట, చంపుట, అమ్ముట నేరము. వేడుకకై ఇంట పెంచుటకును వీలులేదు. పెంపకమున పుట్టినదను మాట ఇచ్చట రక్షింపదు. అయినను దాని తోక మొదటనున్న క్రొవ్వును కరగించి, కీళ్ళనొప్పులకు, మగతనమునకు మందని సాండా నూనె పేర కాలిబాటలపై అమ్ముచున్నారు. పట్టినవారు అది పారిపోకుండ నడుము విరిచి ఉంచుదురు. అట్లే అది దినములతరబడి బ్రదికియుండును. ఆ నూనె సాధారణమైన జంతువుల క్రొవ్వే. దానిని కొన్న ప్రతి రూపాయయు ఒక బల్లి నడుము విరుచుటకు చెల్లించిన కూలి. ఈ సంగతిని బిడ్డలకు మాత్రమే కాదు, ఇంటిలోని పెద్దలకును చెప్పవలెను.

విదేశపు జాతుల విషయమున, 2022లో చట్టమునకు సవరణ జరిగి, సైటీస్ అనుబంధములలోని ప్రాణులు గూడ దాని పరిధిలోనికి వచ్చినవి. 2024లో నియమావళి వెలువడినది. అట్టి ప్రాణులు కలవారు తమ రాష్ట్రపు ముఖ్య వన్యప్రాణి సంరక్షకాధికారివద్ద నమోదు చేసికొనవలెను. చేతులు మారినను, పిల్లలు పుట్టినను, మరణించినను తెలుపవలెను. నమోదుపత్రము లేక అమ్మువారివద్ద కొన్నచో ఆ చిక్కు కొన్నవారి మెడకే చుట్టుకొనును.

చివరి మాట

ఆ తండ్రిగారు మా మాటపై అమ్మకందారును ఈ ప్రశ్నలే అడిగిరి. పుట్టిన తేదీ తెలియదన్నారు. తల్లిదండ్రులు వేరొకచోట ఉన్నవన్నారు. నమోదుపత్రమును గూర్చి అడుగగా, "ఇష్టముంటే కొనండి, లేకుంటే లేదు" అన్నారట. బల్లిని కొనలేదు. బాలునికి కోపము వచ్చినది. తండ్రితోను, మాతోను చాలదినములు ముభావముగా నుండెను. దానికి మేము తప్పుపట్టలేదు. ముందు కొనుడని చెప్పినది మేమే గదా.

తొలకరి వానలు పడిన పిమ్మట పాఠశాల ప్రహరీగోడ ప్రక్కన ఒక ఆడతొండ మెత్తని మన్ను త్రవ్వుచుండగా ఆ బాలుడే చూచెను. తరగతిని వదలి వచ్చి మమ్ము పిలిచెను. దూరముగా నిలిచి చూచితిమి. అది గుంటలో గ్రుడ్లు పెట్టి, మన్ను కప్పి, తలతో అదిమి, వెడలిపోయెను. బాలుడు ఆ చోటున పుల్ల నాటి, పుస్తకములో తేదీ వ్రాసికొనెను. దినదినము వానను, ఎండను గుర్తించెను. మన్ను కదపలేదు, గ్రుడ్లను ముట్టలేదు. ఆరు వారములు దాటిన పిమ్మట ఒకనాటి ఉదయమున వ్రేలంత పిల్లలు మంటినుండి వెలువడి గడ్డిలోనికి పరుగెత్తెను. ఎన్నియో లెక్కపెట్టునంతలో కొన్ని మాయమయ్యెను. ఏడింటిని మాత్రము నిశ్చయముగా వ్రాసెను.

ప్రాణిని ప్రేమించుట యనగా దానిని కొనుట యని బిడ్డలు అనుకొనుటకు పెద్దలమగు మనమే కారణము. మీ బిడ్డ ఏ ప్రాణిని కోరినను, ధర ఎంతయని అడుగుటకుముందు ఎక్కడ పుట్టినదని అడుగుట నేర్పుడు. మా బాలుని పుస్తకములో ఇప్పుడు గ్రుడ్లు పెట్టిన తేదీయు, పిల్లలు వెలువడిన తేదీయు ఉన్నవి. ఆ అమ్మకందారు చూపలేకపోయినవి ఆ రెండు తేదీలే.